వేలు పట్టేంత సందు

మావు అల్లేటప్పుడు మా నాన్న టేపు పెట్టి కొలవడు, వేలు పెట్టి చూస్తాడు. బద్దకీ బద్దకీ మధ్య చూపుడు వేలు మొదటి కణుపు దాకా ఇరుకుగా దిగి ఆగిందంటే సరే, ఏమీ అనడు. కణుపు దాటి సులువుగా లోపలికి పోయిందంటే ఆ వరస మొత్తం విప్పించేస్తాడు. ఈ వేసవిలో నాతో అలా ఎన్ని వరసలు విప్పించాడో లెక్కపెట్టలేదు గానీ, ఆ సందు గురించి రాయాలనే ఇది మొదలుపెట్టాను.

మావు అంటే తెలియనివాళ్ళకి ముందు చెప్పాలి. వెదురు బద్దలతో అల్లి, నీళ్ళలో పెట్టి చేపలు పట్టే బోను. చేప లోపలికి దూరగలదు, బయటికి రాలేదు. ఎర అక్కర్లేదు, మనిషి కాపలా ఉండక్కర్లేదు. సాయంత్రం పెట్టి పొద్దున్నే తీసుకోవడమే. మాది ఆకివీడు దాటాక, కొల్లేరు నీళ్ళని సముద్రానికి తీసుకెళ్ళే ఉప్పుటేరుకి దగ్గర్లో ఒక చిన్న ఊరు, మా వైపు దీన్ని మావు అనే అంటారు. మీ వైపు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. మావుల్లో రకాలున్నాయి. పొలం బోదెల్లో, గట్టు గండ్లలో పడుకోబెట్టే పొడుగు రకం ఒకటి, కాలువలో నిలబెట్టే పొట్ట రకం ఒకటి. నేను నేర్చుకున్నది రెండోది, గజం ఎత్తు ఉంటుంది.

నేను ఏలూరులో టీచర్‌ని. చిన్నప్పుడు ఇంట్లో ఎప్పుడూ వెదురు ఉండేది, నాన్న అరుగు మీద కూర్చుని అల్లుతూ ఉండేవాడు, మేం పక్కనే హోంవర్క్ చేసుకునేవాళ్ళం. అయినా ఒక్క మావు కూడా మొదటినుంచి చివరిదాకా నా చేత్తో చేయలేదు. బద్దలు అందించడం, నార తడిపి ఇవ్వడం, అంతవరకే. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న చెయ్యి కొంచెం వణుకుతుండడం చూశాను. కత్తి పట్టుకున్నప్పుడు వణకదు, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు వణుకుతుంది. ఆ రోజే అడిగాను, వేసవి సెలవుల్లో నాకు నేర్పు నాన్నా అని. "సెలవుల్లో మొదలుపెడితే ఏం లాభం అమ్మా, వెదురు ఇప్పుడే నానెయ్యాలి" అన్నాడు. నాన్న ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

వెదురు దగ్గరే సగం పని ఉంది, ఇది నాకు నిజంగా తెలియదు. రెండేళ్ళ క్రితం మా ఇంటికి పాదుల పందిరి వేద్దామని ఏలూరులో ఒక అడితిలో పచ్చి వెదురు కొని అలాగే కట్టేశాను, ఆరు నెలలు తిరక్కుండా బొంగుల కింద తెల్లటి పిండి రాలడం మొదలైంది. పుప్పి పట్టింది. చేత్తో పట్టుకుంటే పుటుక్కున విరిగింది. నాన్నకి ఫోన్ చేసి చెబితే అడిగిన మొదటి మాట "నానేశావా?"

వెదురు లోపల పిండిపదార్థం ఉంటుంది, పురుగుకి కావాల్సింది అదే. బొంగుని రెండు మూడు వారాలు నీళ్ళలో ముంచి ఉంచితే ఆ పిండి చాలావరకు కరిగి, పులిసి పోతుంది. ఆ తర్వాత పురుగు దాని జోలికి పెద్దగా రాదు. నానేసిన వెదురు వాసన భరించడం కష్టం, మురిగిపోయిన గంజి వాసన వస్తుంది, కానీ ఆ వాసన రాకపోతే పని అవలేదని అర్థం. వయసు కూడా చూడాలి. ఏడాది లేత బొంగులో నీరు ఎక్కువ, ఎండితే ముడుచుకుపోతుంది. మూడేళ్ళు దాటిన బొంగు కావాలి. కొనేటప్పుడు నాన్న వేలి కణుపుతో బొంగుని కొట్టి చూస్తాడు, మోత గట్టిగా ఖంగుమంటే తీసుకుంటాడు, మెత్తగా ఉంటే పక్కన పెడతాడు. పైన బూడిదరంగు మచ్చలుండాలి, పచ్చగా నున్నగా మెరిసేది చూడ్డానికి బాగుంటుంది గానీ పనికిరాదు. వెన్నెల పక్షంలో కొట్టిన వెదురుకి పుప్పి తొందరగా పడుతుందని, చీకటి పక్షంలో కొట్టినదే కొనాలని కూడా అంటాడు. అది అడితివాళ్ళని అడిగితే ఏం చెబుతారు, మనం ఏం నమ్ముతాం, అందుకని ఆ సంగతి వదిలేసి నానబెట్టడం మీదే నమ్మకం పెట్టుకున్నాడు.

మార్చిలో రెండు బొంగులు ఇంటి వెనక కాలువలో ముంచి, పైన రాళ్ళు పెట్టి వచ్చాను. ఏప్రిల్లో నాన్న తీసి నీడలో నిలబెట్టాడు. మే మొదట్లో నేను వెళ్ళేసరికి రంగు మారి, గడ్డి రంగుకి వచ్చాయి.

చీల్చడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళకి అది బలంతో చేసే పనిలా కనిపిస్తుంది. కాదు. బొంగుని గజం ముక్కలుగా కోసి, ముక్కని నిలబెట్టి, పై కొస వైపునుంచి కత్తి దింపాలి, మొదలు వైపునుంచి కాదు. కత్తి రెండంగుళాలు దిగాక ఇక కొట్టకూడదు. కత్తిని కొంచెం అటూ ఇటూ తిప్పితే చీలిక దానంతటదే కిందికి పరుగెడుతుంది, సర్రున ఒక చప్పుడు వస్తుంది, కణుపు దగ్గర ఠప్పుమని ఆగుతుంది. అక్కడ మళ్ళీ ఒక్క దెబ్బ. సగం, అందులో సగం, మళ్ళీ అందులో సగం. ఎప్పుడూ సమానంగా సగం చేయాలి. ఎందుకంటే ఒక పక్క పలచగా ఇంకో పక్క లావుగా ఉంటే చీలిక పలచ పక్కకి జారి పోతుంది, చివర్లో బద్ద సూదిలా అయి పనికిరాకుండా పోతుంది. చీలిక అలా పక్కకి పోతున్నట్టు కనిపిస్తే లావు పక్కని వేలితో వంచి పట్టాలి, అప్పుడు మళ్ళీ మధ్యకి వస్తుంది. ఇది నాన్న ఒక్కసారి చూపించాడు, నాకు రావడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజే బొటనవేలు కోసుకుంది. వెదురు అంచు కత్తికంటే పదును, కోసుకున్నట్టు కూడా తెలియదు, బద్ద మీద ఎర్రగా కనపడ్డాకే తెలుస్తుంది.

చీల్చాక లోపలి మెత్తటి భాగం తీసేయాలి. వెదురు బలమంతా పైతోలు దగ్గరే ఉంది, లోపలిది నీళ్ళు పీల్చుకుని కుళ్ళేది. నాన్న తొడమీద గోనెపట్టా వేసుకుని, దానిమీద కత్తిని కదలకుండా పెట్టి, కత్తి కింద నుంచి బద్దని లాగుతాడు. కత్తి కదలదు, బద్దే కదులుతుంది. లోపలి పొట్టు రిబ్బన్‌లా చుట్టుకుంటూ ఊడి పడుతుంది. మూడు సార్లు లాగితే బద్ద నున్నగా, అంతటా ఒకే మందంగా వస్తుంది. ఈ ఒకే మందం అన్నది చాలా ముఖ్యం, తర్వాత చెబుతాను. చిటికెన వేలి గోరంత వెడల్పు బద్దలు 65 కావాలి ఒక మావుకి. గొంతుకి, అంటే చేప లోపలికి దూరే దారికి, ఇంకా సన్నవి, ఇంకా పలచనివి విడిగా తీయాలి.

కట్టడానికి మేము తాటి మట్ట నార వాడతాం. మట్ట మొదలు భాగాన్ని నానబెట్టి, కొట్టి, నార తీసి, తొడమీద పెట్టి పురి పెట్టాలి. జనపనార కూడా వాడొచ్చు, పురి పెట్టడం తేలిక, కానీ నీళ్ళలో తొందరగా చీకిపోతుంది. నైలాన్ తాడు బజారులో దొరుకుతుంది, చవక కూడా, పదేళ్ళయినా కుళ్ళదు, అది ఎందుకు వాడకూడదని నేనూ అడిగాను. నాన్న ఏమీ చెప్పకుండా ఒక తడిక మీద సగం నారతో, సగం నైలాన్‌తో కట్టించి, రాత్రంతా కాలువలో పడేయించాడు. పొద్దున్న చూస్తే నార తడిసి ఉబ్బి, బద్దల్ని కరుచుకుని ఉంది. నైలాన్ వైపు ముళ్ళు వదులై బద్దలు పైకీ కిందికీ జారుతున్నాయి. నైలాన్‌కి నీళ్ళు తగిలితే కొంచెం సాగుతుంది, పైగా నున్నగా ఉండడం వల్ల ముడి పట్టు నిలవదు. బద్ద జారితే సందు మారుతుంది. అంతే, ఇక నైలాన్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు అల్లిక. ముందు మావులా గుండ్రంగా అల్లరు, చాపలా నేల మీద పరిచి తడిక అల్లి, ఆ తడికని చుట్టి గుండ్రం చేస్తారు. రెండు పోగుల నార తీసుకుని, ఒకటి బద్ద ముందునుంచి, ఒకటి వెనకనుంచి పోనిచ్చి, బద్ద దాటాక రెండిటినీ మెలితిప్పి, మళ్ళీ తర్వాతి బద్దని మధ్యలో పెట్టాలి. సందు ఎంత ఉండాలన్నది ఆ మెలికలో ఉంది. ఒక మెలిక వేస్తే బద్దలు దగ్గరగా వస్తాయి, సన్న పరిగెలు, రొయ్యలు కూడా ఆగుతాయి. రెండు మెలికలు వేస్తే వేలు పడుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. అరుగు మీద పక్కనే కూర్చుని పుస్తకం చదువుకున్నాను గానీ ఆ చేతులు ఏ సందుకి ఎన్ని మెలికలు వేస్తున్నాయో ఒక్కసారి కూడా చూడలేదు.

మా ఇంట్లో ఎప్పుడూ రెండు మెలికలే. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక, ఈ చేపలు కూరకి పనికొచ్చే సైజుకి వచ్చాక ఆ సందులోంచి పోలేవు. అంతకంటే చిన్నవి పోతాయి. నాన్న మాటల్లో చెప్పాలంటే "పిల్లచేప మావులోకి రావాలి, తిరిగి చూసి పోవాలి". బద్దలు ఒకే మందంగా ఉండాలని చెప్పింది ఇందుకే. మెలిక సమానంగా వేసినా ఒక బద్ద లావుగా, పక్కది సన్నగా ఉంటే సందు ఒకచోట ముడుచుకుని ఒకచోట తెరుచుకుంటుంది. సందు తేడా వచ్చిన మావులో పెద్దది పోతుంది, చిన్నది ఇరుక్కుంటుంది, మొప్పల దగ్గర పట్టేసి అక్కడే చస్తుంది. అలా చచ్చిన చిన్న మట్టగిడసని నా మావులోనే చూశాను, దాని సంగతి తర్వాత.

ఆ పై పని గొంతు. గుండ్రం చేసిన తడికకి ఒక పక్క నిలువుగా సందు వదిలి, దానికి రెండు పక్కలా సన్నటి పలచటి బద్దల్ని లోపలికి వంచి కడతారు, రెండు తలుపులు లోపలికి తెరుచుకున్నట్టు, కొసలు మాత్రం దాదాపు ఒకదానికొకటి తగులుతూ. చేప నీటి ఒరవడికో, చీకటి కోసమో ఆ దారిలో దూరి ముందుకి తోసుకుంటే పలచటి బద్దలు వంగి దారి ఇస్తాయి, చేప దాటగానే మళ్ళీ కలుసుకుంటాయి. లోపలికి వెళ్ళాక చేప గోడ వెంబడి తిరుగుతుంది, అది దాని అలవాటు. గొంతు మాత్రం గోడకి లేదు, మధ్యలోకి పొడుచుకుని ఉంది. గోడ వెంబడి తిరిగే చేప దాని పక్కనుంచే ఎన్నిసార్లైనా పోతుంది, కొసకి ఎదురుగా వచ్చినా మొనలు మూతికి గుచ్చుకుంటాయి. దీన్ని మొదట ఎవరు కనిపెట్టారో గానీ చాలాసేపు కాలువ గట్టు మీద కూర్చుని చేపని చూసినవాళ్ళయి ఉండాలి.

గొంతు బద్దలు మరీ గట్టిగా ఉంటే చేప తోసి చూసి వెనక్కి పోతుంది. మరీ మెత్తగా ఉంటే కలుసుకోవు. నాన్న బద్దని వంచి వదిలి, అది తిరిగి వచ్చే వేగం చూసి తీసుకుంటాడు. నాకు ఇది ఇంకా రాలేదు. నా మావు గొంతు నాన్నే కట్టాడు.

ఇంకొక్క సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది తెలిశాక నాకు మావు మీద గౌరవం పెరిగింది. నిలబెట్టే మావు పైభాగం ఎప్పుడూ నీటిమట్టం పైన జానెడు ఉండాలి. కింద గొంతు మునగాలి, పైన మూత దగ్గర గాలి ఉండాలి. చిన్నప్పుడు అది మనం చెయ్యి పెట్టి తీసుకోడానికి అనుకునేదాన్ని. కానీ మా కాలువల్లో ఉండే కొర్రమీను, గొరక లాంటివి మొప్పలతో మాత్రమే బతకవు, పైకి వచ్చి గాలి మింగి వెళ్ళాలి. బురద నీళ్ళలో, ఎండాకాలం ఎండిపోయే గుంటల్లో అవి బతికేది అందుకే. అలాంటి చేపని పూర్తిగా మునిగిన బోనులో పెడితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్ళలో చేప మునిగి చావడమేమిటి అని మా పిల్లలు క్లాసులో అడిగారు, ఈ మావు బొమ్మ బోర్డు మీద గీసి చెప్పాను. పొరపాటున దూరిన నీటిపాము, తాబేలు కూడా పైన గాలి ఉంటే పొద్దుటిదాకా బతికి ఉంటాయి, మూత తీసి వదిలేయొచ్చు.

మావు ఒక్కటే కాదు, మా ఇంట్లో ఊత కూడా ఉండేది. అది ఇంకా సులువు. అడుగూ మూతా రెండూ లేని గుమ్మటం లాంటి బుట్ట, కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత. వేసవిలో గుంటలు ఇంకేటప్పుడు మోకాలి లోతు బురదలో నడుస్తూ ఊత వేసుకుంటూ పోవడమే. కింద బద్దల మొనలు బురదలో దిగుతాయి, లోపల చేప ఉంటే బద్దలకి కొట్టుకుంటుంది, అరచేతికి తెలుస్తుంది, అప్పుడు పైనుంచి చెయ్యి పెట్టి వెతికి పట్టుకోవాలి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే మాత్రం ఆ రోజుకి పని అయిపోయినట్టే, చెయ్యి భుజం దాకా సలుపుతుంది. మా అన్నయ్య ఏడ్చాడు ఒకసారి, పదిహేనేళ్ళవాడు.

వలల సంగతి నేను చూసింది తక్కువ. నాకు ఊహ తెలిసేసరికే అన్నీ నైలాన్. కానీ మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ రోజుల్లో నూలు వలలకి తుమ్మచెక్క పట్టించేవాళ్ళట. తుమ్మ బెరడు కొట్టి, పెద్ద కుండలో గంటలకొద్దీ మరగబెట్టి, ఆ ఎర్రటి కషాయంలో వలని ముంచి ఆరేసేవాళ్ళు. తోలు పదును పెట్టే తుమ్మచెక్కే, అదే గుణం నూలుని కూడా కుళ్ళిపోకుండా కాపాడుతుంది. మళ్ళీ మళ్ళీ పట్టించాల్సిందే, లేకపోతే వానాకాలంలో వల నెలలోపే పాడవుతుంది. వలని తేల్చే బెండ్లు నీటి జీలుగు కాడవి, కింద బరువుకి కాల్చిన మట్టి గుండ్లు. నాయనమ్మ చీర కొంగులకి ఎప్పుడూ తుమ్మచెక్క మరకలుండేవట. నైలాన్ వచ్చాక ఆ కుండ వాడకం పోయింది, పోయినందుకు నాయనమ్మ సంతోషించింది కూడా, అది నేను దాచను. ఆడవాళ్ళకి అది నడుం విరిగే పని.

మావు పెట్టే చోటు, పెట్టే దిక్కు, ఇవి అల్లడమంత పని. తొలకరి వానలకి కాలువల్లోకి కొత్తనీరు వచ్చినప్పుడు చేప ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి పొలాల్లోకి, పల్లపు నీళ్ళలోకి పోతుంది. అప్పుడు మావు మూతి నీటివాలుకి, అంటే కింది వైపుకి పెడితే ఎక్కి వచ్చే చేపంతా పడుతుంది. కార్తీకంలో పొలాల్లో నీళ్ళు దిగేటప్పుడు చేప తిరిగి వస్తుంది, అప్పుడు మూతి ఎగువకి తిప్పాలి. రెండు కాలాల్లోనూ పట్టొచ్చు. కానీ తొలకరిలో పట్టే చేప కడుపు నిండా జన, అంటే గుడ్లు, ఉంటుంది.

ఇక్కడే నేను మావుని వెనకేసుకు రాలేను. వెదురుతో చేసింది, చేత్తో అల్లింది, పాతకాలం నాటిది అన్నంత మాత్రాన అది మంచిదని అనుకోవడం తప్పు. కాలువ అడ్డంగా గట్టునుంచి గట్టుకి తడికలు కట్టి, మధ్యలో వరసగా ఒక మెలిక మావులు పెడితే నైలాన్ వలకంటే తక్కువేం చేయవు. ఒక్క పిల్లచేప కూడా మిగలదు. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే అధికారి ఈ దేశంలోని మంచినీటి చేపల మీద ఇచ్చిన నివేదికలో చిన్నచేప ఇలా నాశనమైపోవడం గురించి రాశాడు. ఆ తర్వాత 1897లో వచ్చిన మత్స్య చట్టం నీళ్ళలో విషం కలపడాన్ని, మందుగుండు పేల్చడాన్ని నేరం చేసింది, దానితోపాటు నేలలో పాతి కదలకుండా పెట్టే వలలు, బోన్ల మీద, వలల కొలతల మీద నియమాలు పెట్టే అధికారం ప్రభుత్వాలకి ఇచ్చింది. ఆ లెక్కన మా ఇంటి మావు కూడా ఆ చట్టం మాట్లాడిన సాధనమే. ఈ సంగతి చదివినప్పుడు నాన్నకి చెప్పాను. "మరి, సందు చూడకపోతే చట్టమే రావాలి కదమ్మా" అన్నాడు.

మా ఇంట్లో తొలకరి వచ్చిన మొదటి రెండు వారాలు మావు పెట్టరు. ఊళ్ళో అందరూ అలా ఉంటారని చెప్పలేను.

నా మావు జూలైలో పెట్టాను, సెలవులయిపోయినా ఒక శనివారం సాయంత్రం దానికోసమే వెళ్ళాను. ఇంటి వెనక మురుగు కాలువలో, గట్టుకి ఆనించి, రెండు కర్రలు పాతి కట్టి, గొంతు పక్కన చిన్న తడిక ముక్కని వంకరగా నిలబెట్టాం, చేపకి దారి చూపించడానికి. కాలువ మూడొంతులు వదిలేశాం. తాటాకు మూత వేసి పైన రాయి పెట్టాడు నాన్న. ఆ రాత్రి సన్నగా వాన పడింది. నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, పరీక్ష రిజల్ట్స్ ముందు రోజు ఉండే టెన్షన్ లాంటిది.

పొద్దున్న ఇంకా తెల్లవారకుండానే దిగాం. నీళ్ళు తొడల దాకా, చల్లగా. నాన్న గట్టు మీదే ఉండి "నువ్వే ఎత్తు" అన్నాడు. మావుని రెండు చేతులా పట్టుకుని పైకి లేపితే నీళ్ళు అన్ని సందుల్లోంచి ఒక్కసారిగా కారాయి, ఆ నీళ్ళతోపాటే వేలంత పిల్లలు, వెండి ముక్కల్లా, ఒకటి తర్వాత ఒకటి జారి కాలువలో పడిపోయాయి. ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. అవి అలా పోతుంటే చూడ్డం ఎంత బాగుందో నేను సరిగ్గా చెప్పలేను. లోపల నాలుగు గొరకలు, ఒక మార్పు, అరచేయంత జెల్లలు రెండు మిగిలాయి. కూరకి చాలు.

కిందనుంచి మూడో వరసలో, నేను మొదటి రోజుల్లో తీసిన బద్దల దగ్గర, ఆ చిన్న మట్టగిడస ఇరుక్కుని ఉంది. చచ్చిపోయి చాలాసేపు అయినట్టుంది, కళ్ళు తెల్లబడ్డాయి. అక్కడ ఒక బద్ద లావు, సందు నా చిటికెన వేలు కూడా పట్టదు. నాన్న దాన్ని తీసి గట్టు మీద పెట్టాడు. ఏమీ అనలేదు. ఆ బద్దని నేనే విప్పి, కొత్తది వేసి కట్టాను, ఆ రోజు మధ్యాహ్నం బస్సెక్కే ముందే.

ఇప్పుడు మా ఊళ్ళో మావు అల్లేవాళ్ళు నాన్నతో కలిపి ముగ్గురు. కొనేవాళ్ళు తగ్గారు. చుట్టూ చేపల చెరువులు వచ్చాయి, ఆ చెరువుల్లో మావుతో పని లేదు. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు, ఆ గొడవలన్నీ మా నాన్న తరం కళ్ళ ముందు జరిగాయి. అయినా బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు, పొలాల మందుల నీళ్ళు, చెరువుల నీళ్ళు అన్నీ చివరికి ఉప్పుటేరు దారినే సముద్రానికి పోవాలి. మా కాలువలో ఒకప్పుడు దొరికిన బొమ్మిడాయి ఇప్పుడు కనిపించడం లేదు.

ఇనప రింగులకి సన్నకన్ను నైలాన్ వల తొడిగిన మడత బోనులు కొందరు వాడుతున్నారు. తేలిక, మడిచి బండి మీద తీసుకెళ్ళొచ్చు. వాటి కన్ను చూశాను, బియ్యపుగింజ పట్టదు. వరదకి కొట్టుకుపోతే అడుగున ఎక్కడో పడి, ఎవరూ తీయకపోయినా చేపల్ని పడుతూనే ఉంటాయి, చచ్చిన చేప వాసనకి ఇంకో చేప వస్తుంది, నైలాన్ కుళ్ళదు కాబట్టి అది అలా ఏళ్ళకేళ్ళు సాగుతుంది. వెదురు మావు కొట్టుకుపోతే నార చీకి, రెండో వానాకాలానికి బద్దలు విడిపోతాయి. ఏటా కొత్తది అల్లుకోవాలని విసుక్కునేవాళ్ళకి నేను ఈ మాటే చెబుతాను.

పోయిన ఏడాది ఒక హోటల్ వాళ్ళు వచ్చి, లైట్లకి గూళ్ళుగా పెట్టుకోడానికి పది మావులు కావాలన్నారు. మంచి రేటే ఇచ్చారు. గొంతు అక్కర్లేదు, లోపల బల్బు పట్టాలి అన్నారు. నాన్న ఒప్పుకుని పది అల్లాడు. ఇచ్చే రోజు చూస్తే పదింటికీ గొంతు ఉంది. అదేంటి నాన్నా, వద్దన్నారు కదా అంటే, "గొంతు లేకపోతే అది మావు ఎలా అవుద్ది" అన్నాడు. వాళ్ళు తీసుకెళ్ళి కోసేసుకుని ఉంటారు. ఆ డబ్బుతోనే ఇంటి పైకప్పు రేకులు మార్చాం, అందుకని ఆ హోటల్ మీద నాకేం కోపం లేదు. కానీ ఆ పది గొంతులకి పట్టిన రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

నా రెండో మావు తడిక సగం అయింది. ఏలూరులో మా ఇంటి డాబా మీద అల్లుతున్నాను, బద్దలు నాన్న దగ్గరనుంచి తెచ్చుకున్నవి కాదు, నేను తీసినవే. ఈసారి గొంతు కూడా నేనే కడదామని పలచటి బద్దలు ఇరవై తీసి పెట్టాను. వంచి వదిలితే ఐదు బాగా తిరిగొస్తున్నాయి, మిగతావి మందగిస్తున్నాయి, వాటిని ఇంకోసారి కత్తి కింద లాగాలి. కార్తీకానికి నీళ్ళు దిగేలోపు అయిపోవాలి, ఈసారి మూతి ఎగువకి.